ఎరిగినవారు లేని చోట

గత జనవరిలో ఒక సెలవు దినాన మా వాడలోని తెలుగు కుటుంబాలవారము పాతికమందిమి కలిసి బెంగళూరు లాల్‌బాగ్‌కు వెళ్ళాము. నలభై ఏళ్ళుగా ఈ ఊరిలోనే కాపురమున్నా, చుట్టాలు వచ్చినప్పుడు చూపించడానికి తప్ప మాకుగా మేము ఆ తోటకు పోయినది తక్కువ. కట్టుకొనిపోయిన పులిహోర లోపల విప్పకూడదని ముందే అనుకొన్నాము గనుక, పిల్లలు ఉదయం నుండే సాయంత్రం కోసం ఎదురుచూశారు.

1760లో హైదర్ అలీ వేయించిన తోట అది. కుమారుడు టిప్పు సుల్తాను దూర దేశాలనుండి మొక్కలు తెప్పించి పెంచాడు. నేడు 240 ఎకరాలు. 1889లో పునాది వేసిన గాజు మేడను, కెంపేగౌడ గోపురమున్న బండను పిల్లలకు చూపించాము. ఆ బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని ఒకరు చెప్పగా, దానిమీద కూర్చొని మోకాళ్ళ నొప్పులను గూర్చి మాట్లాడుకుంటున్న మేము మాట మార్చుకొన్నాము.

మధ్యాహ్నం ఒక చిన్న సంగతి జరిగింది. ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడు బాట పక్కనున్న పువ్వు తెంపాడు. పాఠం చెప్పిన నోరు ఊరకుండదు గదా, పదిమందిలో వాణ్ణి నిలబెట్టి మందలించాము. వాడు పువ్వు కింద పడవేసి చేతులు వెనుక కట్టుకొన్నాడు. పావుగంటైనా కాలేదు, మాలో అందరూ గౌరవించే పెద్దమ్మగారు ఒక క్రోటను కొమ్మ విరిచి, తడి రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకొన్నారు. మేము చూశాము. చూసి, చెరువులోని కొంగల వైపు తిరిగాము. "తాతయ్యగారూ, పెద్దమ్మగారిని ఏమీ అనరేం?" అని వాడు అడిగాడు. "పద, పద, పూల గడియారం చూద్దాం" అన్నాము.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఈ విషయమే చర్చకు వచ్చింది. కొమ్మ విరిస్తే నష్టమేమిటి, మళ్ళీ చిగురిస్తుంది అన్నారొకరు. టిక్కెట్టు కొన్నాము గదా అన్నారు మరొకరు. ఈ రెండవ మాట నిలువదు. టిక్కెట్టు చూడడానికే గాని తెచ్చుకోవడానికి కాదు. మొదటి మాటను అంత తేలికగా కొట్టివేయలేము. నిజమే, ఆ ఒక్క కొమ్మతో మొక్క చావదు. కాని పూల ప్రదర్శన రోజుల్లో ఆ బాటన నడిచేవారు వేలకొలది. ఎవరు విరిచిన కొమ్మా మొక్కను చంపదు, మొక్క మాత్రం చస్తుంది. అప్పుడు ఆ తప్పు ఎవరి లెక్కలో వ్రాయాలి?

మమ్మును ఎక్కువగా బాధించినది మరొకటి. అదే పెద్దమ్మగారు ఊళ్ళో ఎవరి దొడ్లోనైనా కరివేపాకు రెబ్బ కావలసివస్తే గడప దగ్గర నిలబడి, పిలిచి అడిగేవారు. ఆమె లోభి కాదు. లాల్‌బాగ్ లోపలే మొక్కలు అమ్మే చోటున్నది, కొనగల స్తోమతూ ఉన్నది. మరి చెయ్యి ఎట్లా వచ్చింది? ఊరిలో మనము ఫలానావారి కోడలము, ఫలానావారి మనుమడము. రచ్చబండ దగ్గరి వేపకొమ్మ విరిస్తే సాయంత్రానికి ఇంటికి కబురు చేరుతుంది. ఇక్కడ చెట్లకు పేర్ల పలకలున్నవి గాని మన పేరు ఎరిగినవారు లేరు. అట్లయితే ఊరిలో మనలను కాపాడినది మన మంచితనమా, పొరుగువారి కండ్లా? ఊరు కదలనివారికి ఇది తేల్చుకొనే అవసరమే రాదు. వలస వచ్చిన మనకు రోజూ వస్తుంది.

"ఎంతైనా ఇది వాళ్ళ ఊరు గదా" అనే మాట కూడ వెనుక సీట్లలో వినబడింది. మన ఇండ్లలో వండుకొనే బెంగళూరు వంకాయ పుట్టింది మెక్సికో ప్రాంతంలో. 1874 నుండి 1908 వరకు లాల్‌బాగ్‌ను చూచిన జాన్ కామెరాన్ దొర కాలంలో, ఆ తోట ద్వారానే ఇక్కడికి వచ్చింది. కన్నడిగులు దానిని సీమె బదనెకాయి అంటారు. మనమేమో ఏకంగా బెంగళూరు పేరే పెట్టుకొన్నాము. ఆ తోట తెచ్చిపెట్టిన కూర నలభై ఏళ్ళు తిని, అది వాళ్ళ తోట అనడం న్యాయం కాదని చెప్పాము. కొందరు నవ్వారు. పెద్దమ్మగారు కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మరుసటి వారం ఆమె ఇంటికి వెళ్ళాము. కొమ్మ కుండీలో ఉన్నది. "ఆ పిల్లవాడు చూశాడా?" అని ఆమె మొదట అడిగారు. చూశాడన్నాము. "మీరూ చూశారు గదా. అక్కడే చెప్పి ఉంటే కొమ్మ తీసుకొనేదాన్ని కాదు" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆదివారం కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, నిన్ను అందరిలో మందలించి ఆమెను ఏమీ అనకపోవడం మా తప్పు అని ఒప్పుకొన్నాము. "ఆమె పెద్దది గనుకనా?" అన్నాడు. అవునన్నాము. వాడు కాసేపు నేలవైపు చూసి, "నేను కింద పడేసిన పువ్వును ఎవరైనా తొక్కి ఉంటారా, తాతయ్యగారూ?" అని అడిగాడు.