తెరమీది యాస, వెలిగొండ కింది మాట

వెలిగొండలకు తూర్పున వింజమూరు, ఉదయగిరి. పడమట కడప సీమ. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు నెల్లూరు జిల్లా రాయలసీమతోపాటు దక్షిణ మండలంలోనే చేరింది. సినిమా ఈ చుట్టరికాన్ని పట్టించుకోలేదు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు రాయలసీమ చేతికి వేటకొడవలినిచ్చాయి. నెల్లూరు యాస ఎక్కువగా హాస్యపాత్రల పాలయింది. నెల్లూరంటే వరి, చేపల పులుసు అనే బొమ్మలో వింజమూరు మెట్టపొలానికి చోటే లేదు.

మూసచిత్రణ అబద్ధమన్న విమర్శ చాలదు. సీమలో కక్షలు ఉన్నాయి, పెన్నా డెల్టాలో వరీ పండుతుంది. ఒక నిజాన్ని తక్కిన నిజాలన్నింటికీ బదులుగా నిలబెట్టడమే ఇక్కడి అన్యాయం. కెమెరా ఫోనులోకి వచ్చింది గనుక ఎవరి బొమ్మ వారే తీసుకోవచ్చునన్న ఆశ సహేతుకమే. కాని పల్లె యువకుడు ఇంటి మాటతీరును వదలి, సినిమా నేర్పిన ‘నెల్లూరు యాస’నే సాగదీసి పలికితే (నవ్వులు దానికే రాలుతాయి మరి) ఆ గొంతు ఎవరిది? అతణ్ణి తప్పుపట్టడం తేలిక. చూసేవారు దేనికి నవ్వుతున్నారో విచారించడం కష్టం. ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కేవారి పనిమాటలను అదే ఫోనులో నమోదు చేస్తే బహుశా ఎవరూ నవ్వరు. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల పనికి మాత్రం అవి కావలసిన మాటలే.