శునక స్మృతి – కళాధర్మం

తనతో కొంతకాలం బ్రతికి గతించిన కుక్కను మనిషి బొమ్మగానో, శిల్పంగానో, కథగానో మలచినప్పుడు ఆ కృతి ఎవరి కోసం అన్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కాని తరచి చూసినకొద్దీ అది చిక్కుపడుతుంది. తండ్రి చిత్రాన్ని గీసినవానికి తోబుట్టువులు 'నాన్నగారి నుదురు అలా ఉండేది కాదు' అని చెప్పగలరు. మిత్రుని జీవితచరిత్ర రాసినవానిని ఆ మిత్రుని భార్యాబిడ్డలు నిలదీయగలరు. కుక్కకు ఆ అవకాశం లేదు. అది తన బొమ్మను గుర్తుపట్టదు, పొగిడితే పొంగదు, లేని గుణాలు అంటగడితే కాదనదు. ఇంత నిస్సహాయమైన వస్తువు కళాకారుని చేతికి మరొకటి దొరకదు. అటువంటి వస్తువు విషయంలో అతనికి ఏదైనా ధర్మం ఉన్నదా? ఉంటే దానిని అడిగేవారెవరు?

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో పెరిగినవారికి ఈ ప్రశ్న కేవలం తర్కవిషయం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ శతాబ్ది చివరి సంవత్సరాలలో మేదినీపూర్ జిల్లాలోని ఈ ఎర్రమట్టి నేలపై జంక్షను నిర్మించింది. 1904 నాటికి వర్క్‌షాపు సిద్ధమైంది. తూర్పు తీరపు రైలుమార్గం వెంబడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు తరలివచ్చి ఫిట్టర్లుగా, కమ్మరులుగా, ఫైర్‌మన్లుగా, గాంగ్‌మన్లుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తన అధికార భాషలలో తెలుగుకు చోటిచ్చినదంటే అందుకు ప్రధాన కారణం ఈ ఊరి తెలుగువారే.

నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి చోట్ల వరుసగా కట్టిన క్వార్టర్ల మధ్య తిరిగే కుక్కలకు యజమాని అంటూ ఒకరుండరు. ఒక ఇంట గంజి, ఇంకొక ఇంట చేపముల్లు, మూడవ ఇంట పేరు దొరుకుతాయి. పేరు పెట్టిన ఇంటివారికి బదిలీ అయితే ఆ పేరు కూడా వారితోనే వెళ్ళిపోతుంది. వాల్తేరు డివిజను 2003 వరకు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది కాబట్టి ఖరగ్‌పూర్ నుంచి అటు, అటు నుంచి ఇటు బదిలీలు నిత్యకృత్యం. బదిలీ అయిన ఉద్యోగి కుటుంబానికి పాసు ఉంటుంది, సామానుకు కిట్ పాసు ఉంటుంది. కుక్కను తీసుకుపోవడానికీ నిబంధన లేకపోలేదు. మొదటి తరగతిలో ప్రత్యేకంగా ఒక కూపే కేటాయించుకోగలిగినవారు వెంట ఉంచుకోవచ్చును, తక్కినవారు రుసుము చెల్లించి గార్డు పెట్టెలోని డాగ్ బాక్సులో పంపవచ్చును. కాని ఆ నిబంధన పెంపుడు కుక్కను, అనగా యజమాని గల కుక్కను ఉద్దేశించినది. పది ఇళ్ళ కుక్కను బుక్ చేసేదెవరు? ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ఆ ప్లాట్‌ఫారం మీద, 1072 మీటర్ల పొడవునా, కదిలే రైలు పక్కన కొంత దూరం పరుగెత్తి ఆగిపోయిన కుక్కలెన్నో లెక్క తెలియదు.

బెంగాలీ సాహిత్యంలో ఈ దృశ్యాన్ని శరత్‌చంద్ర చటర్జీ రాసిపెట్టారు. ఆయన 'దేవఘర్ స్మృతి'లో వైద్యుల సలహాపై గాలిమార్పుకు వెళ్ళిన రోగికి దారిన పోయే కుక్క ఒకటి తోడవుతుంది. ఆయన దానికి 'అతిథి' అని పేరు పెడతారు. తిరుగు ప్రయాణం నాడు అది స్టేషను దాకా వస్తుంది. సామాను మోసినవారందరికీ బక్షీసు ముడుతుంది, దానికి తప్ప. రైలు కదులుతుంది. రచయిత ఆ కుక్కను దేనికీ ప్రతీకగా నిలబెట్టలేదు. రేపు ఆ ఇంటి గేటు మూసి ఉంటుందని, అది బయట నిలబడి ఉంటుందని మాత్రం ఊహించి ఊరుకున్నారు. ఆ నిగ్రహమే ఆ రచనకు ప్రాణమని నా అభిప్రాయం.

మన భారత కథను దీని పక్కన పెట్టి చూడండి. నన్నయగారి ఆదిపర్వం ఆరంభంలోనే సరమ అనే దేవశునకం ఉన్నది. ఏ తప్పూ చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టారని అది రాజు ఎదుటికి వచ్చి అడుగుతుంది. తిక్కనగారి మహాప్రస్థానిక పర్వంలో మరొక కుక్క ఉన్నది. దానిని విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు భీష్మించుకుంటాడు. మహాభారతానికి ఈ కొసన ఒక కుక్క, ఆ కొసన ఒక కుక్క ఉండడం గమనించదగినది. మొదటిది వాది, రెండవది సహయాత్రికుడు. అయితే రెండవ కథలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ వెలితిపరుస్తుంది. చివరకు ఆ కుక్క కుక్క కాదని, యమధర్మరాజని తేలుతుంది. పరీక్ష ముగిసింది, ధర్మరాజు నెగ్గాడు, కుక్క లేకుండా పోయింది. ఇంతదూరం మంచులో నడిచిన ఆ ప్రాణి ఏమైనట్లు? ధర్మం అనే మాటను నిలబెట్టడానికి కథ దానిని ఖర్చు పెట్టుకున్నది. పౌరాణికునికి అది తప్పనిసరి కావచ్చును. జ్ఞాపకం నుంచి బొమ్మ వేసేవానికి మాత్రం ఆ వెసులుబాటు ఉండకూడదు.

ఎందుకంటే మనలో ప్రతివాడూ కుక్కను తలచుకోగానే దానిని ఒక గుణంగా మార్చివేస్తాడు. ఆ గుణం పేరు విశ్వాసం. జపానులో టోక్యో నగరపు షిబుయా స్టేషను ముందున్న హచికో విగ్రహం లోకప్రసిద్ధం. యజమాని అయిన ఆచార్యుడు 1925లో మరణించిన తరువాత కూడా అది ఏళ్ళ తరబడి రోజూ స్టేషనుకు వచ్చి ఎదురుచూసేది. పత్రికలో దాని కథ రాకముందు స్టేషనులో అదిలింపులే తిన్నది. కథ వచ్చాక కీర్తి లభించింది. 1934లో, అది బ్రతికి ఉండగానే, కంచు విగ్రహం వెలిసింది. కొద్దికాలానికే దాని కథ పిల్లల నీతిపాఠంలోకి ఎక్కి కృతజ్ఞతను, విధేయతను బోధించసాగింది. యుద్ధకాలంలో లోహం కోసం ఆ విగ్రహాన్నే కరిగించారు. నేడున్నది 1948లో మళ్ళీ పోసినది. విధేయతకు చిహ్నంగా నిలిపిన కంచును ఆ విధేయతే కరిగించిందనడం అతిశయోక్తి కాదేమో.

విశ్వాసం అనే మాట ఎవరి నోటి నుంచి వస్తున్నదో చూడాలి. అది అందుకున్నవాడు ఇచ్చే యోగ్యతాపత్రం. ప్రభుత్వోద్యోగులమైన మనకు ఆ భాష కొత్తది కాదు. మధ్యయుగపు వీరగల్లులలో స్వామికోసం ప్రాణమిచ్చిన బంటును పొగిడినదీ ఆ భాషే. విడిచివచ్చినవాడు విడువబడినదానిని 'ఎంత విశ్వాసం' అని మెచ్చుకుంటే, ఆ మెప్పులో తన పని గురించిన ప్రస్తావన ఎగిరిపోతుంది. బొమ్మ ఎంత అందంగా వస్తే అంత సులువుగా ఎగిరిపోతుంది.

ఇక్కడ మరొక ఆక్షేపణ రావచ్చును, అది సమంజసమైనదే. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకులుగా పనిచేశారు. 1931 సెప్టెంబరు 16న ఈ ఊరి పక్కనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో ఖైదీలపై కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. 1951లో ఆ ఆవరణలోనే ఐ.ఐ.టి. మొదలైంది. 1974 మే నెలలో దేశవ్యాప్తమైన రైల్వే సమ్మె నడిచింది. ఇన్నింటిలో పాల్గొన్న సామాన్యుల ముఖాలు ఏ గోడమీదా లేవు. మనుషులకే బొమ్మలు లేని ఊరిలో కుక్కల బొమ్మలా అని ఎవరైనా అడిగితే తేలికగా తోసిపుచ్చరాదు.

చరిత్ర విద్యార్థిగా నాకు దీనికి సమాధానం కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరు శాసనంలో కొంతవరకు దొరికింది. క్రీ.శ. 949-50 నాటి ఆ శిలపై, తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు కూలిన వృత్తాంతం ఉన్నది. రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు, తన అనుచరుడైన మణలేరుని పరాక్రమానికి మెచ్చి ఏమి కావాలో కోరుకోమన్నాడు. అతడు కాళి అనే వేట జాగిలాన్ని కోరుకున్నాడు. ఆ కాళి ఒకనాడు అడవిపందితో తలపడింది, రెండూ చచ్చాయి. మణలేరుడు ఆతకూరు చల్లేశ్వరాలయం ముందు దానికి శిల నిలిపి, పూజకు భూమి ఇచ్చాడు. దక్షిణాపథపు రాజకీయాన్ని మలుపు తిప్పిన యుద్ధమూ, ఒక కుక్క మరణమూ ఒకే రాతిపై ఉన్నాయి. ఒకదానిని తలచుకోవడం వల్ల రెండవదాని బరువు తగ్గలేదు. పైగా ఆ కుక్క పుణ్యాన మణలేరుని పేరు మనదాకా వచ్చింది. శిలపై చెక్కిన శిల్పంలో కాళి దేవతా కాదు, ప్రతీకా కాదు. పందిని పట్టుకున్న కుక్క, అంతే. నేడు బెంగుళూరులోని ప్రభుత్వ మ్యూజియంలో దానిని చూడవచ్చును. అయితే కాళి రాజు పెంచిన జాగిలమని, దాని ప్రభువుకు రాయి చెక్కించే స్తోమత ఉన్నదని మరువరాదు. వీధి కుక్కకు, వలస కూలీకి ఆ శిలలో చోటు లేదు.

ఆ చోటును మన కాలంలో ఇచ్చినవారు రామ్‌కింకర్ బైజ్. శాంతినికేతనంలో ఆయన 1938లో సిమెంటు, ఎర్రకంకర కలిపి నిలిపిన 'సంతాల్ కుటుంబం'లో కావడి మోసే పురుషుడు, స్త్రీ, పిల్లలతో పాటు కుక్క కూడా నడుస్తుంది. అది ఎవరికీ కాపలా కాయడం లేదు, ఎవరి పాదాల వద్దా పడి లేదు. పని వెతుక్కుంటూ పోయే ఇంటిలో అదొక మనిషి. వారి అడుగుకు దాని అడుగు కలుస్తుంది. శ్రీకాకుళం పల్లెల నుంచి మూటలతో ఖరగ్‌పూర్‌లో దిగిన తొలితరం వారికీ ఈ సంతాల్ కుటుంబానికీ తేడా ఒక్కటే. వీరు రైలెక్కారు కాబట్టి కుక్కను తెచ్చుకోలేకపోయారు.

నా ఎరుకలో ఈ పనిని ఏ శిక్షణా లేకుండా చేసిన మనిషి మా పెదనాన్నగారు. వర్క్‌షాపు కమ్మరి విభాగంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన తరువాత, తనకు జ్ఞాపకమున్న క్వార్టర్ల కుక్కలను ఒక పాత లెడ్జరు పుస్తకంలో పెన్సిలుతో వేస్తూ వచ్చారు. పేజీకి ఒక కుక్క, కింద పేరు, ఏ ఇంట తినేదో ఆ క్వార్టరు నంబరు. కాలూ అనేదానికి యార్డులో షంటింగు బోగీ కింద వెనుక కాలు ఒకటి పోయింది. బొమ్మలోనూ దానికి మూడే కాళ్ళు. 'బొమ్మలోనైనా నాలుగు వేయరాదా?' అని ఇంటిలో ఒకరు అడిగితే ఆయన, "నాలుగోది ఎక్కడినించి తెమ్మంటావు? దానికి నేదు కదేటి!" అన్నారు. అందులో దుఃఖమూ లేదు, చమత్కారమూ లేదు. కొలత తప్పరాదన్న పనివాని పట్టుదల ఉన్నది. ఆ గీతలు నిపుణమైనవి కావు. కాని ఏ కుక్క చెవి ఎటు వంగేదో, ఏది గోడనానుకుని నిలబడేదో, ఏది తింటూ తింటూ వెనుకకు చూసేదో ఆ పుస్తకం చెబుతుంది. విశ్వాసం అన్న మాట ఒక్క పేజీలోనూ లేదు.

పుస్తకం చివరిలో ఒక పేజీ ఖాళీగా ఉన్నది. కింద భోలా అన్న పేరు, క్వార్టరు నంబరు మాత్రం రాసి ఉన్నాయి. దాని మెడమీది మచ్చ కుడివైపో ఎడమవైపో గుర్తురాక బొమ్మ వేయలేదట. ఆ వరుసలో అప్పట్లో ఉన్నవారెవరైనా కనబడితే అడుగుదామని అట్టే పెట్టారు.