నడిచేవాని మర్యాద

నగరంలో నడవడానికి కూడా ఒక మర్యాద వుంది. నలుగురు చేయీ చేయీ పట్టుకుని బాటకు అడ్డంగా నడవరాదు. దారి అడగదలచినవాడు ఓ పక్కకు తొలగి నిలబడాలి. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే బళ్లు కనబడేటట్టు కుడి అంచున నడవాలి. వీటిలో ఏదీ తప్పు కాదు. కాని యీ మర్యాదను నేర్పేదెవరు, నేర్చుకోవలసింది ఎవరు అన్న ప్రశ్నను మనం దాటవేయరాదు.

మొగుళ్లపల్లి నుంచి ఒక పత్తిరైతు బిడ్డ పెళ్లికి గాజులు కొనడానికి హైదరాబాదు వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా లాడ్ బజారుకు నడుస్తున్నాడనుకుందాం. అతని వూళ్లో ఎదురైన మనిషిని పలకరించకుండా పోవడం అమర్యాద. యిక్కడ పలకరింపుకు ఆగడమే అమర్యాద. చౌరస్తాలో అతడు తడబడితే వెనకనుంచి హారన్ మోగుతుంది. "ఏ వూరు నీది? కండ్లు కనబడ్తలెవ్వా?" అని కసురు వినబడుతుంది.

యీ కసురు మన వొక్కరి సొత్తే కాదు. అమెరికాలో అడ్డదిడ్డంగా రోడ్డు దాటేవాణ్ణి 'జేవాకర్' అంటారు. 'జే' అంటే పల్లెటూరి బైతు! అంతకుముందు వీధి నడిచేవారిదీ, ఆడుకునే పిల్లలదీ కూడా. 1920లలో మోటారు వ్యాపారవర్గాలు ఆ తిట్టును పనిగట్టుకుని ప్రచారం చేశాయి. వీధిని ఒక వర్గం ఆక్రమించుకోవడమే యిలా నడిచేవాని అనాగరికతగా చెలామణి అయింది.

మనకిది బొత్తిగా కొత్త కాదు. నిజాం కాలపు తెలంగాణాలో దొర గడీ ముందునుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేతబట్టుకోవలసి వచ్చేది. దానికీ మర్యాద అనే పేరు! తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో, గుడి చుట్టూ వున్న వీధుల్లో నిమ్నకులాలవారు నడిచే హక్కు కోసమే 1924-25లో సత్యాగ్రహం జరిగింది.

గడీల పెత్తనం పోయింది. కాని 2022లో మన దేశపు రోడ్డు ప్రమాదాల్లో మరణించిన సుమారు 1,68,000 మందిలో 32,000 మందికి పైగా కాలినడకన పోతున్నవారే. నడవడానికి అనువైన కాలిబాట 21వ అధికరణం యిచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అయితే ఆ కాలిబాటమీద తట్ట పెట్టుకున్న చిల్లర వర్తకుని మాటేమిటి? అతనికీ 2014 నాటి చట్టం రక్షణ వుంది. నడిచేవాడికీ, తట్టవాడికీ తగువు పెట్టి చూడడం తేలిక. బాటలో సింహభాగాన్ని మింగినది వారిద్దరిలో ఎవరూ కారు.

బ్రిటన్ 2022లో తన రోడ్డు నియమావళిని సవరించి, ఎక్కువ హాని చేయగలవానికే ఎక్కువ బాధ్యత అన్న సూత్రాన్ని అందులో చేర్చింది. నాకు యిది న్యాయంగా తోస్తుంది. మోటారువాడు నడిచేవానికి దారి యివ్వాలి. మరి నడిచేవాడు ఎవరికివ్వాలి? ముసలివారికి, చూపులేనివారికి, తోపుడుబండివానికి. నిండు బండిని ఒకసారి ఆపితే మళ్లీ కదపడం ఎంత కష్టమో పత్తర్‌గట్టి రద్దీలో ఎవరైనా చూడవచ్చు. మొగుళ్లపల్లి రైతుకు యీ మాట వేరే చెప్పనక్కర లేదు. పొలం గట్టుమీద మోపు ఎత్తుకున్న మనిషి ఎదురైతే తాను బురదలోకి దిగి దారి విడవడం అతనికి అలవాటే.