పాటిదిబ్బ మీద హక్కు

ఒక నేల మీద హక్కు ఎవరిది? ముందు వచ్చినవారిది అని లోకం సులభంగా జవాబు చెబుతుంది. పాలకవర్గాలకు యీ జవాబంటే మహా యిష్టం. దీని బాగోగులు తేల్చుకోవటానికి, టర్కీలో అనతోలియా పీఠభూమి మీద, కోన్యా జిల్లాలోని చుమ్రా తాలూకా కంటె తగిన చోటు నాకు కనిపించదు.

అక్కడ చటల్ హొయుక్ అనే పాటిదిబ్బ వున్నది. క్రీ. పూ. 7100 ప్రాంతం నుంచి వెయ్యేళ్ళకు పైగా జనం అక్కడ కాపురమున్నారు. ఇల్లు పాతబడితే పడగొట్టి, ఆ గోడల మొదళ్ళ మీదనే కొత్త యిల్లు లేపుకొన్నారు. అలా 18 పొరల వూళ్ళు పేరుకొని దిబ్బ సుమారు 20 మీటర్లు పెరిగింది. ఇళ్ళ మధ్య వీధులు లేవు. కప్పు మీద నుంచి నిచ్చెనతో లోపలికి దిగేవారు. చనిపోయినవారిని యింట్లో అరుగుల కిందనే పూడ్చేవారు. 1961లో మొదలైన తవ్వకాలలో రాజభవనమేదీ బయటపడలేదు.

ఇంట్లోనే పూడ్చుకొన్నారు గనుక హక్కంతా రక్తసంబంధం మీదనే నడిచిందని మనం అనుకోవచ్చు. కాని 2025లో ప్రచురితమైన జన్యుపరిశోధన మరోమాట చెప్పింది. తొలి తరాలలో ఒకే యింట పూడ్చబడినవారి మధ్య రక్తబంధుత్వం ఎక్కువ, అదీ తల్లివైపు నుంచి. కాలం గడిచినకొద్దీ ఏ బంధుత్వమూ లేనివారు ఒకే అరుగు కింద చేరారు. వేల యేళ్ళ తర్వాత బైజాంటియం నాటి క్రైస్తవులూ, వారి తర్వాత ముస్లిములూ తమవారిని ఆ దిబ్బలోనే పూడ్చారు. 20వ శతాబ్ది మొదట్లో బెయ్‌షెహిర్ సరస్సు నీరు కాలువల ద్వారా చుమ్రాకు చేరింది. బాల్కను దేశాల నుంచి వచ్చిన కాందిశీకులు కూడ అక్కడ సేద్యానికి దిగారు.

ఇక పాలకుల సంగతి. అనతోలియాతో గ్రీకుల ప్రాచీన సంబంధాన్ని చెప్పుకొని గ్రీసు ప్రభుత్వం 1919లో స్మిర్నాలో సైన్యాన్ని దింపింది. 1930ల్లో టర్కీ ప్రభుత్వం హిట్టైటులు తమ పూర్వులేనని పాఠాలు చెప్పించింది. 1935లో పెట్టిన ప్రభుత్వ బ్యాంకుకు ఆ హిట్టైటుల పేరే తగిలించింది. ఇద్దరి వాదమూ 'మేమే ముందు' అనేదే. ఈ రెండింటి మధ్య 1923 జనవరిలో లోజానులో జనమార్పిడి ఒడంబడిక జరిగింది. అంతకుముందే పారిపోయినవారితో కలిపి సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసు చేరారు; దాదాపు 4 లక్షల ముస్లిములు టర్కీ వచ్చారు. కోన్యా ప్రాంతపు కరమాన్లీ క్రైస్తవుల మాతృభాష టర్కీభాషే. దానిని గ్రీకు లిపిలో రాసుకొనేవారు. వారిని కూడ, తమకు రాని భాష మాట్లాడే దేశానికి సాగనంపారు.

ముందు రావటం హక్కు కాకపోతే, బలవంతుడి ఆక్రమణ న్యాయమేనా అని మిత్రులు అడగవచ్చు. ఎంతమాత్రం కాదు. కరమాన్లీలకు జరిగింది అన్యాయమే. వారి తాతలు ముందు వచ్చారని కాదు. వారు దున్నిన పొలం నుంచి, కట్టుకొన్న యింటి నుంచి పెళ్ళగించారు గనుక. గ్రీసు నుంచి తరిమిన ముస్లిము రైతుకూ యిదే న్యాయం వర్తిస్తుంది. అతని పూర్వులు ఎప్పుడు వచ్చారని అడిగే అధికారం ఎవరికీ లేదు. హక్కుకు మూలం శ్రమ, కాపురం.

అయితే శ్రమకు కూడ ఒక హద్దు వున్నదని నా అభిప్రాయం. నేడు కోన్యా మైదానంలో పంచదార దుంపకూ, మొక్కజొన్నకూ లోతు బోర్లతో నీరు తోడటం వల్ల భూగర్భజలం దిగజారుతున్నది. కరపినార్ వైపు నేల గుండ్రంగా కుంగి గోతులు పడుతున్నాయి. రైతునొక్కణ్ణే నిందించి లాభం లేదు. ఏ పంట వేస్తే అప్పు తీరుతుందో నిర్ణయించేది అతడు కాదు. కాని యీ పద్ధతిని సమర్థించేవారు, తర్వాత రాబోయేవారి కాపురాన్ని యీనాడే హరిస్తున్నారు. దిబ్బ మీద యిల్లు కట్టినవారు పాత గోడ పడగొట్టారు గాని దాని మొదలు వుంచారు. వారి తర్వాతి తరం ఆ మొదలు మీదనే గోడ లేపుకొన్నది. దున్నేవాడిదే భూమి అనే మనం, రేపు దున్నేవాడిని కూడ ఆ మాటలో చేర్చి చెప్పాలి.