సాధనయు ఇంటి ఋణమును



సంసారము సాధనకు అడ్డు అను మాట తరతరములుగా వినబడుచున్నది. ఆలుబిడ్డలు గలవారు గొప్ప నియమమును పట్టలేరనియు, పట్టినచో ఇల్లు చెడుననియు, ఇంటిని నిలుపుకొన్నచో నియమము చెడుననియు లోకులు చెప్పుదురు. కళ్యాణ శరణులు ఈ మాటను అంగీకరింపలేదు. వారిలో పెక్కుమంది గృహస్థులే. పడవ నడిపినవారు, బట్టలు ఉతికినవారు, చెప్పులు కుట్టినవారు, త్రాళ్లు పేనినవారు తమ కాయకమును విడువకయే శివుని కొలిచిరి. లింగము దేహముపైననే ఉండుటచే పొయ్యి యొద్ద నున్నను పొలమున నున్నను భక్తుడు లింగమునకు దూరము కాడు.

అయితే ఇందు ఒక చిక్కు కలదు. సంసారములో నుండి సాధన చేయవచ్చునని చెప్పుట సులభము. ఆ సాధనకు పట్టిన ప్రొద్దు ఎవరిదని అడుగుట కష్టము. ఈ సంగతి తేటపడుటకు నేటి లోకము నుండి ఒక దృష్టాంతమును గైకొనుట మేలు. అది పూజకు సంబంధించినది కాదు, పరుగునకు సంబంధించినది. పరుగులో గంటలు, మైళ్లు లెక్కకు వచ్చును గనుక ఇంటివారు మోసిన బరువెంతయో దాచుటకు వీలులేదు.

మారథాను అను పరుగుపందెము 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన దూరమును పరుగెత్తుటకు అల్ట్రా మారథాను అని పేరు. అందులోను తారురోడ్డును విడిచి కొండదారులలో, అడవిబాటలలో, బురదలో, రాళ్లపై సాగునది ట్రెయిల్ అల్ట్రా మారథాను. ఆల్ప్స్ పర్వతములలో మాంట్ బ్లాంక్ శిఖరము చుట్టును ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల గుండా సాగు పందెము సుమారు 170 కిలోమీటర్లు. అందు ఎక్కవలసిన ఎత్తులన్నియు కూడినచో సుమారు 10,000 మీటర్లగును. ఇట్టి పందెములలో రాత్రి వచ్చినను కాలము ఆగదు. పాదములు బొబ్బలెక్కును. కడుపు అన్నమును నిరాకరించును. నిద్రలేమిచే లేని రూపములు కన్నులకు కనబడును. దీనికి ఒక్కనాటి ఉత్సాహము చాలదు. నెలల తరబడి నిత్యము కొండలెక్కి దిగి దేహమును కుదుర్చుకొనవలెను. ఉద్యోగమును, పసిబిడ్డలును గలవారికి ఆ గంటలు ఎక్కడ దొరకును?

ఇంగ్లండులో పెన్నైన్ వే అను కొండబాట కలదు. డెర్బీషైరులోని ఈడేల్ గ్రామమున మొదలై స్కాట్లండు సరిహద్దు దాటి కర్క్ యెట్హోమ్ గ్రామమున ముగియును. ఏటేట జనవరి మాసమున, చీకటియు మంచును వానయు కలిసి ఏలు కాలమున, ఈ బాటపై స్పైన్ రేస్ అను 268 మైళ్ల పందెము జరుగును. గడువు 7 దినములు. 2019లో జాస్మిన్ పారిస్ అను వనిత దీనిని 83 గంటల 12 నిమిషములలో ముగించి, స్త్రీపురుషులందరిలో మొదటిదై నిలిచెను. అంతకుముందు ఒక పురుషుడు నెలకొల్పిన 95 గంటల 17 నిమిషముల రికార్డు దీనితో వెనుకబడెను.

ఆమె వృత్తిచే పశువైద్యురాలు. ఆ దినములలో పరిశోధన గ్రంథమును వ్రాయుచుండెను. అన్నిటిని మించి, 14 నెలల బిడ్డకు పాలిచ్చు తల్లి. బిడ్డకు దూరముగ నున్న ఆ దినములలో స్తన్యము గడ్డకట్టి జ్వరము రాకుండుటకై, దారిలోని విడిదులలో ఇతరులు కన్నుమూసి సేదదీరు వేళ ఆమె పాలు తీసికొని తిరిగి చీకటిలోనికి బయలుదేరెను. నిద్రించినది కొద్ది గంటలే.

వార్తలు వ్రాసినవారు ఆమె వేగమును మెచ్చుకొనిరి. భక్తులు చూడవలసినది వేగమును కాదు. పరుగెత్తునపుడు ఆమె తల్లితనమును ఈడేలులో విడిచి బయలుదేరలేదు. అది ఆమె దేహములోనే ఉండెను, విడిది విడిదికి తన పాలు తాను అడిగెను. ఆమె ఆ పిలుపును విసుగుకొనక పందెములోని పనులలో ఒకటిగా చేసికొనెను. అన్నము తినుట, బూట్లు మార్చుట, పాలు తీయుట — అన్నియు ఒకే వరుసలో నిలిచెను. సంసారము సాధనకు వెలుపల నున్న అడ్డుగోడ కాదు, సాధకుని మూటలోని ఒక బరువు. మోయవలసిన బరువును మోయుట నేర్చినవానికే దూరము సాగును.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ ఎరుగనివారెవరు? శివునికి తల్లి లేదుగదా అని జాలిపడి తానే తల్లియై ఆయనకు స్నానము చేయించి పాలు పట్టిన ముగ్ధురాలామె. ఆమె వేరొక తపస్సు చేయలేదు. బిడ్డను సాకు పనియే ఆమెకు పరమార్థమయ్యెను. అట్టి కథను నెత్తిన పెట్టుకొనువారు, ఇంట పసివానిని సాకు ఇల్లాలి పనిని సాధనకంటె తక్కువగా ఎంచుట ఎట్లు పొసగును?

ఇక ప్రొద్దు సంగతి. జాస్మిన్ పారిస్ తన అభ్యాసమునకు ఇల్లు మేల్కొనకముందే లేచెడిది. ఆ గంట ఎవరిది? బిడ్డది కాదు, ఉద్యోగమునది కాదు. ఆమె నిద్రలోనుండి తీసినది. ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము స్మరింపదగినది. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. మిగులును తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను మరలించెను. దాసోహమునకే గదా అని ఆమె సరిపెట్టుకొనలేదు. పుణ్యకార్యమునకైనను తన పాలు కానిదానిని తీసికొనుట తప్పు అని ఆ తల్లి నిర్ణయము.

గృహస్థుని ప్రొద్దు ఆ బియ్యము వంటిది. తన నిద్రనుండి, తన విశ్రాంతినుండి, తన ముచ్చట్లనుండి ఏరుకొన్న గింజలు తనవి. బిడ్డ చదువు చూడవలసిన సాయంకాలము, ముసలి తల్లిదండ్రులకు మందు పోయవలసిన వేళ, ఇల్లాలు ఒకింత నడుము వాల్చవలసిన మధ్యాహ్నము — ఇవి తనవి కావు. ఇంటివారు తెలిసి ఇచ్చినచో అది దానము. అడుగక తీసికొన్నచో అది మిగులు బియ్యము. పరుగుకు వెళ్లివచ్చి అలసటచే బిడ్డలను కసరుకొనువాడు కొండ ఎక్కినను ఏమి ఎక్కినట్లు? పూజకు కూర్చుండి పూట పూట ఇల్లంతయు గజగజలాడునట్లు చేయువాని సంగతియు ఇంతే. బిడ్డకు జ్వరము కాచిన దినమున అభ్యాసము మానుట నియమభంగము కాదు. ఆ దినమునకు అదియే నియమము.

ఈ లెక్కలో లోకము స్త్రీకి ఒక తూనికరాయి, పురుషునికి ఒక తూనికరాయి వాడుచున్నది. 2018లో మాంట్ బ్లాంక్ పందెమున సోఫీ పవర్ అను బ్రిటిషు వనిత మూడు నెలల పసివాని తల్లియై పాల్గొనెను. నడుమ ఇటలీలోని కూర్మాయోర్ విడిదిలో ఆమె బిడ్డకు పాలిచ్చుచుండగా తీసిన ఛాయాచిత్రము లోకమంతట ప్రాకెను. మెచ్చినవారు కలరు, నొచ్చుకొన్నవారును కలరు. ఆమె అట్లేల పరుగెత్తవలసివచ్చెను? గాయపడినవారు తమ స్థానమును మరుసటి ఏటికి నిలుపుకొనుటకు నాటి నియమములలో వీలుండెను, గర్భవతులకు వీలులేదు. పూర్వమొకసారి గర్భవతియై యుండి ఆమె అట్లే స్థానమును కోల్పోయెను. తరువాతి కాలమున ఆ పందెమువారు గర్భిణులకు వెసులుబాటు కల్పించిరి. పరుగెత్తు తండ్రిని, బిడ్డను ఎవరి కప్పగించి వచ్చితివని ఎవ్వరును అడుగరు. తల్లిని మాత్రము అందరును అడుగుదురు.

ఈ మాట విని పరదేశమువారిని తప్పుపట్టి ఊరకుండుట తగదు. ఏటేట ఉగాదికి ముందు కన్నడదేశము నుండి వేలాది వీరశైవ భక్తులు మల్లికార్జునుని సన్నిధికి కాలినడకన వచ్చుట అందరు ఎరిగినదే. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి కైలాసద్వారము మెట్లెక్కునప్పటికి మోకాళ్లు వణకును, దప్పికచే నాలుక పిడచగట్టును. అది నల్లమలలోని ఘనమైన సాధన, సందేహము లేదు. కాని ఆ దినములలో ఇంట పశువులకు గడ్డి వేసినదెవరు? పిల్లలను బడికి పంపినదెవరు? మంచమున నున్న మామగారికి గంజి పోసినదెవరు? పది పర్యాయములు నడిచిన యజమాని ఇంట, ఒక్కసారియైన నడిచిన ఇల్లాలు ఉన్నదా? ఆమె బయలుదేరు ఏట ఆయన పొయ్యి ముందు కూర్చుండునా? ఈ ప్రశ్నకు ప్రతి గృహస్థుడును లింగసాక్షిగా బదులు చెప్పుకొనవలెను.

మరల జాస్మిన్ పారిస్ కడకు వచ్చినచో, ఆమె 2022లోను 2023లోను అమెరికాలోని టెన్నెసీ అడవులలో జరుగు బార్క్లే పందెమునకు వెళ్లి ముగింపలేక తిరిగివచ్చెను. సుమారు 100 మైళ్లు, 5 చుట్లు, 60 గంటల గడువు. దారిలో దాచియుంచిన పుస్తకములనుండి తమ సంఖ్యగల పుటను చించి తెచ్చి చూపవలెను. 2024 మార్చిలో, అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లియైన ఆమె, 59 గంటల 58 నిమిషముల 21 సెకండ్లకు గమ్యమందలి గేటును తాకి అచ్చటనే కూలబడెను. మిగిలియున్నవి 99 సెకండ్లు. ఆ పందెమును పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆమెయే. పుటలను ఆమెయే చించి తెచ్చెను, వేరొకరు తేరాదు. సాధన స్వయముగ చేయవలసినదే. కాని ఆ పుటలు తెచ్చుటకు పట్టిన ఏండ్ల అభ్యాసములో ఇంటివారి పాలు లేదని ఎవడును చెప్పజాలడు.

కావున గృహస్థులు రెండు తప్పులను మానవలెను. సంసారమును సాకుగా చూపి సాధనను విడుచుట ఒకటి. సాధనను సాకుగా చూపి సంసారమును ఇంకొకరి భుజముపై పడవైచుట రెండవది. మొదటిది సోమరితనము. రెండవది ఋణము తీర్పక పారిపోవుట. ఏ వ్రతము పట్టుటకు ముందైనను ఇంట కూర్చుండి అడుగుడు, ఒప్పుకొన్నంత మేరకే తీసికొనుడు, తీసికొన్నదానిని వంతు వచ్చినపుడు తిరిగి ఇండు. అట్టి ఇంటి గడప దాటి వెళ్లిన పాదము ఎంత దూరము పోయినను శివుని త్రోవ తప్పదు.