ద్వారకలో అర్జునుడి లెక్క

ద్వారకలో కృష్ణుడి పడక ఘట్టం తిరుపతి వేంకట కవుల నాటకాల పుణ్యమా అని తెలుగువాళ్లకు కొట్టిన పిండి. ఒక పక్క గోపాలుర సేన, ఇంకో పక్క ఆయుధం పట్టని కృష్ణుడు. అర్జునుడు కృష్ణుణ్ణి కోరుకున్నాడు, సేన దక్కినందుకు దుర్యోధనుడు పొంగిపోయాడు. భక్తి గెలిచింది, అత్యాశ ఓడింది అని పురాణ కాలక్షేపాల్లో తేల్చేస్తారు. అంత తేలిగ్గా తేలే విషయం కాదిది. వ్యాస భారతంలో, ఎందుకిలా కోరుకున్నావని కృష్ణుడే అడుగుతాడు. శత్రువుల్ని నేనొక్కణ్ణే చంపగలను, నాకూ కీర్తి కావాలి, నువ్వు నాకు సారథివి కా అంటాడు అర్జునుడు. ఆ జవాబులో వైరాగ్యం ఛాయ కూడా లేదు. ఉన్నదల్లా లెక్క. విలువిద్య తనకు ఉంది, పగ్గాలు పట్టే నమ్మకస్తుడు లేడు. దుర్యోధనుడేమో తన దగ్గర దండిగా ఉన్నదాన్నే ఇంకాస్త పోగేసుకున్నాడు. చివరికి అటు 11 అక్షౌహిణులు, ఇటు 7.

కృష్ణుడు దేవుడని తెలిసి కోరుకోవడంలో గొప్పేముందని అడగొచ్చు. పూర్తిగా తెలిసి ఉంటే, గీత పదకొండో అధ్యాయంలో ఆ క్షమాపణ దేనికి? నీ మహిమ తెలియక చెలికాడివనుకున్నాను, ఆటల్లో, భోజనాల దగ్గర వేళాకోళం చేశాను, మన్నించు అంటాడు కదా. ద్వారకలో అతను ప్రధానంగా నమ్మింది స్నేహితుడి బుద్ధిని. మొదటి బాణం వెయ్యకముందే గాండీవం చేజారితే, ఎంత సేన ఉండి మాత్రం ఏం చేస్తుంది? సారథి కర్ణుడికీ దొరికాడు. గుర్రాల విద్యలో శల్యుడు కృష్ణుడికి తీసిపోడు. కానీ కర్ణుణ్ణి నిరుత్సాహపరుస్తానని ధర్మరాజుకు ముందే మాటిచ్చిన మనిషి. కర్ణుడు యుద్ధానికి బయల్దేరితే, ఎంగిళ్లు తిని బలిసిన కాకి హంసలతో పందెం కట్టిన కథ వినిపించాడు. నైపుణ్యం ఒక్కటే చూసి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంతే.

ఇదంతా కడుపు నిండినవాళ్ల కబుర్లనే మాటలో నిజముంది. తండ్రి అప్పు నెత్తిన ఉన్న కుర్రవాడు ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగానికే వెళ్తాడు, వెళ్లాలి కూడా. అతనికి లేనిది డబ్బే, కాబట్టి అతనిదీ అర్జునుడి లెక్కే. ఇల్లు గడుస్తున్నవాళ్ల సంగతి వేరు. మీ పిల్లలు ఉద్యోగంలో చేరుతుంటే ప్యాకేజీ ఎంతని అడగండి, తప్పులేదు. ఎవరి చేతికింద పని నేర్చుకోబోతున్నారో కూడా అడగండి.