పాదరక్షలోని వజ్రము

హైదరాబాదు పాతనగరమందలి చౌమహల్లా ప్రాసాదమున, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాదరక్షలో జాకబ్ వజ్రము ఆయన కుమారునకు దొరకెనందురు. 184.75 క్యారెట్ల ఆ వజ్రమును ఏడవ నిజాము కాగితములపై బరువుగా నుంచెను. 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనిన నిజాము నగలలో నదియు నొకటి. రాయి మారలేదు, మరి విలువ యెచ్చటినుండి వచ్చినది?

మందారపు చెంత స్ఫటికము ఎఱ్ఱగా తోచుట వేదాంతులకు పాత దృష్టాంతము. పువ్వు తీసిన ఎఱుపు పోవును. కుందనపు నగలో రాతివెనుక రేకు నుంచి మెఱుపు పెంచుటయు నట్టిదే. నీలివజ్రపు రంగు మాత్రమట్లు తొలగదు. కర్బనమున లేశమాత్రముగా కలిసిన బోరాన్ దానికి కారణము. విచిత్రమేమనగా, ఆ మలినమునకే లోకము అధికమూల్యము నిచ్చును!

స్వామి కిరీటమునకు వజ్రము సమర్పించు భక్తుడు తన పేరును రేకుగా వెనుక నుంచుచున్నాడా, తీసివేసి యిచ్చుచున్నాడా?